ఇండియా టీకాల కార్డు చాలదంటున్న న్యూజెర్సీ డేకేర్: మతపరమైన మినహాయింపు లేఖ రాసివ్వొచ్చా?

ప్రశ్న: ఎడిసన్‌కి కొత్త

నమస్తే అండీ. ఆగస్టులో విజయవాడ నుంచి ఎడిసన్ వచ్చాం. పాపకి 20 నెలలు. పుట్టినప్పటి నుంచి టీకాలన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలోనే, ఒక్కటి కూడా తప్పకుండా వేయించాం. బీసీజీ, పోలియో చుక్కలు, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) మూడు, రోటా, పీసీవీ (న్యుమోనియా టీకా) మూడు, 9 నెలలకీ 16 నెలలకీ ఎంఆర్, 16 నెలలకే డీపీటీ బూస్టర్. అన్నీ తల్లీబిడ్డల కార్డులో ఉన్నాయి.

డేకేర్ వాళ్లు కార్డు చూసి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) లేదు, ఆటలమ్మ టీకా లేదు, పోలియో లేదు, హిబ్ (మెదడు పొరల వాపు తెచ్చే ఒక బాక్టీరియాకి టీకా), పీసీవీ ఏడాది నిండాక పడలేదు, ఫ్లూ కూడా కావాలి అన్నారు. అంటే మళ్లీ మొదటి నుంచీ వేయించాలా? తెలిసినవాళ్లు ఒకరు, "మతపరమైన మినహాయింపు అని ఒక్క పేజీ లేఖ ఇస్తే చాలు, ఎవరూ ఏమీ అడగరు" అన్నారు. మాకు టీకాలంటే అభ్యంతరం లేదు. వేసినవే మళ్లీ పొడిపించడం ఎందుకనే బాధ, వచ్చే నెల నుంచి ఇద్దరం ఆఫీసుకి వెళ్లాలనే తొందర. అలా లేఖ ఇస్తే తర్వాత ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: పిల్లల క్లినిక్ నర్సు

ముందు కంగారు తగ్గించుకోండి. మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. ఇండియాలో పడినవాటిలో చాలా భాగం ఇక్కడ లెక్కకు వస్తాయి. ఏది వస్తుంది, ఏది రాదు, ఎందుకు రాదు అన్నది విడివిడిగా చూద్దాం.

పెంటావాలెంట్ మూడూ, 16 నెలల డీపీటీ బూస్టరూ కలిపితే కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియాలకు నాలుగు డోసులు పూర్తయినట్టే. న్యూజెర్సీ డేకేర్ ఈ వయసుకి అడిగేది ఆ నాలుగే. ఇక్కడ వాడేది డీటాప్ అయినా మన డీపీటీ చెల్లుతుంది. నాలుగో డోసు ఏడాది నిండాక, మూడో దానికి ఆరు నెలల తర్వాత పడిందా అన్నది ఒక్కటే చూస్తారు. మీది సరిపోయింది.

హిబ్ మూడు డోసులు పెంటావాలెంట్‌లోనే ఉన్నాయి. కానీ మన ప్రభుత్వ షెడ్యూల్లో 16 నెలలకి వేసే బూస్టర్ ఉత్త డీపీటీ, అందులో హిబ్ ఉండదు. న్యూజెర్సీ మాత్రం మొదటి పుట్టినరోజు నాడు గానీ ఆ తర్వాత గానీ ఒక హిబ్ ఉండాలంటుంది. పీసీవీదీ ఇదే కథ: మన దగ్గర బూస్టర్ 9 నెలలకే అయిపోతుంది. ఈ రెండూ ఒక్కొక్కటి వేస్తే పూర్తి.

ఎంఆర్‌లో తట్టు, రుబెల్లా ఉంటాయి, గవదబిళ్లల టీకా ఉండదు. 9 నెలలకు వేసింది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఏడాదిలోపు వేసిన తట్టు టీకాని తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పని చేయనివ్వకపోవచ్చు. 16 నెలలది చెల్లుతుంది. గవదబిళ్లల కోసం ఇప్పుడు ఒక ఎంఎంఆర్ కావాలి. తట్టు, రుబెల్లా భాగం మళ్లీ పడినా హాని లేదు. పైగా కిండర్‌గార్టెన్‌కి న్యూజెర్సీ తట్టు టీకా రెండు డోసులు అడుగుతుంది, దీంతో అదీ తీరుతుంది. నాలుగేళ్లప్పుడు డాక్టర్ ఇంకో ఎంఎంఆర్ వేద్దామంటే గవదబిళ్లలకి రెండో డోసు కోసమే.

ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ షెడ్యూల్లో లేనే లేదు కాబట్టి అది కొత్తగా ఒకటి.

తల్లిదండ్రులకి బాగా కోపం తెప్పించేది పోలియో. ఇన్నిసార్లు చుక్కలు వేయించాం కదా అంటారు. 2016 ఏప్రిల్ నుంచి వేస్తున్న చుక్కల్లో టైప్ 2 వైరస్ ఉండదు. అమెరికా మూడు రకాలకీ రక్షణ చూస్తుంది గనక ఆ చుక్కలు లెక్కలోకి తీసుకోరు. కార్డులో ఎఫ్‌ఐపీవీ అని ఉన్నది చర్మంలోకి ఎక్కించే 0.1 మిల్లీలీటరు చిన్న మోతాదు. పూర్తి డోసు 0.5. అందుకని ఇక్కడి డాక్టర్ పూర్తి ఐపీవీ (సూదితో వేసే పోలియో టీకా) మళ్లీ వేద్దామనే అంటారు: ఒకటి ఇప్పుడు, నాలుగు వారాలకి రెండోది, ఇంకో నాలుగు వారాలకి మూడోది. ప్రైవేటులో హెక్సావాలెంట్ (ఆరు జబ్బులకి కలిపి వేసే టీకా) వేయించుకున్న పిల్లలకి ఈ బెడద ఉండదు, అందులో పూర్తి ఐపీవీ ఉంటుంది.

అంటే మొదటి విజిట్‌లో ఎంఎంఆర్, ఆటలమ్మ, హిబ్, పీసీవీ, ఐపీవీ. ఫ్లూ టీకా వచ్చి ఉంటే అదీ. ఒకేరోజు అన్నీ వేయొచ్చు. విడగొట్టాలంటే ఒక్క జాగ్రత్త: ఎంఎంఆర్, ఆటలమ్మ రెండూ బతికి ఉన్న వైరస్ టీకాలు. ఒకేరోజు వేయాలి, లేదా మధ్యలో 28 రోజులు ఆగాలి. ఇవాళ ఒకటి, పది రోజులకి ఇంకొకటి వేస్తే రెండోది చెల్లదు, మళ్లీ పొడవాలి. బిడ్డకి నొప్పి తగ్గిద్దామని విడగొట్టి ఇంకో సూది తెచ్చిపెట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఇన్సూరెన్స్ ఇంకా మొదలవకపోతే వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ పథకం కింద వేస్తారా అని క్లినిక్‌ని అడగండి. ఇన్సూరెన్స్ లేని పిల్లలకి మందు ఉచితం, వేసినందుకు మాత్రం కొంత రుసుము ఉండొచ్చు. వీసా ఏదన్నది అడ్డు కాదు. విజిటర్ ఇన్సూరెన్స్ నమ్ముకోకండి, మామూలుగా అది టీకాలకి ఇవ్వదు.

జవాబు: డేకేర్ డైరెక్టర్, మిడిల్‌సెక్స్ కౌంటీ

పై జవాబులో వైద్యం వచ్చింది. నేను కాగితాల సంగతీ ఆ లేఖ సంగతీ చెబుతాను.

న్యూజెర్సీలో మతపరమైన మినహాయింపు నిజంగానే ఉంది, డేకేర్‌లకీ వర్తిస్తుంది. ప్రత్యేకమైన ఫారం, నోటరీ అక్కర్లేదు. టీకా వేయడం పిల్లల మతస్వేచ్ఛకి అడ్డు వస్తోందని తల్లిగానీ తండ్రిగానీ రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. టీకాల విషయంలో మా తత్వం వేరు, మాకు నమ్మకం లేదు, ఇది మా నైతిక అభిప్రాయం అని రాస్తే చెల్లదు. నియమంలోనే ఆ మాట స్పష్టంగా ఉంది. మతం అని రాసి ఉంటే మాత్రం ఆ నమ్మకం నిజమా కాదా అని మామూలు డేకేర్ విచారణ చేయదు, ఫైల్లో పెట్టుకుంటుంది. మతసంస్థలు నడిపే డేకేర్‌లకి వేరే వెసులుబాటు ఉంది: ఆ లేఖని ఒప్పుకోవడమో తిప్పికొట్టడమో వాళ్ల ఇష్టం, ఆరోగ్య శాఖ ప్రశ్నించదు. చర్చి ప్రీస్కూల్‌లో చేర్చాలనుకునేవాళ్లు ఇది ముందే కనుక్కోవాలి.

"ఎవరూ ఏమీ అడగరు" అన్నది అంతవరకే నిజం. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు ఎవరూ చెప్పలేదు. లేఖ ఫైల్లోకి వెళ్లిన రోజు నుంచీ మీ పాప మా జాబితాలో మినహాయింపు పిల్లల కింద ఉంటుంది. డేకేర్‌లో తట్టు కేసు ఒక్కటి తేలితే స్థానిక ఆరోగ్య శాఖ మమ్మల్ని మొదట అడిగేది ఆ జాబితానే. అందులో ఉన్న పిల్లలు ఆ రోజే ఇంటికి. ఎక్స్‌పోజర్ (జబ్బు ఉన్నవాళ్ల దగ్గర మెలగడం) జరిగిన చివరి రోజు నుంచి 21 రోజులు రాకూడదు. మధ్యలో ఇంకో కేసు వస్తే లెక్క మళ్లీ మొదలు. పిల్లలు రాని రోజులకీ ఫీజు కట్టాలని చాలా కేంద్రాల ఒప్పందాల్లో ఉంటుంది, సంతకం పెట్టేముందు చదవండి. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లాలంటున్నారు, మూడు వారాలు పాపని ఎవరు చూస్తారు? ఎక్స్‌పోజరైన 72 గంటల్లోపు ఎంఎంఆర్ వేయిస్తే తిరిగి రానిస్తారు, కానీ ఆ కబురు మనదాకా వచ్చేసరికే చాలాసార్లు ఆ 72 గంటలు గడిచిపోతాయి.

ఇంకో మాట మనసులో పెట్టుకోండి. మా దగ్గర పసిపిల్లల గది ఉంటుంది, ఏడాది నిండనివాళ్లు. వాళ్లకి ఎంఎంఆర్ వేసే వయసే రాలేదు. తట్టు వచ్చిన మనిషి గదిలోంచి వెళ్లిపోయాక కూడా రెండు గంటలదాకా వైరస్ ఆ గాలిలో ఉంటుంది. రక్షణ లేనివాళ్లు పదిమంది ఆ గాలి పీలిస్తే తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఆ గదిలోని పిల్లలకి పక్క గదుల్లో ఉన్న పెద్ద పిల్లల టీకాలే గోడ. నిజమైన మతవిశ్వాసం ఉన్న కుటుంబంతో నేను వాదించను, ఆ హక్కు చట్టం ఇచ్చింది. కానీ అభ్యంతరం లేదని మీరే అంటున్నారు. లేని నమ్మకాన్ని ఉందని రాసి సంతకం పెట్టకండి.

అసలు మీకు ఆ లేఖ అవసరమే లేదు. వేరే దేశం నుంచి వచ్చిన పిల్లలకి పాత టీకాల రికార్డు తెచ్చుకోవడానికి న్యూజెర్సీ 30 రోజులు గడువు ఇస్తుంది. ఆ తర్వాత, అవసరమైన ప్రతి టీకా కనీసం ఒక్క డోసు పడి మిగతావి వరుసలో పడుతుంటే ప్రొవిజనల్ అడ్మిషన్ (తాత్కాలికంగా చేర్చుకోవడం) ఉంది. ఐదేళ్లలోపు పిల్లలకి పూర్తిచేయడానికి గరిష్ఠంగా 17 నెలలు. పైన చెప్పిన మొదటి విజిట్ అయితే మీ పాప డేకేర్‌కి వచ్చేయొచ్చు. మిగిలిన పోలియో డోసులు వస్తూ వేయించుకోవచ్చు.

కార్డు విషయంలో మన కుటుంబాలకి పదేపదే ఎదురయ్యే చిక్కులు మూడు. మొదటిది తేదీ. మన కార్డులో 05/08/2025 అంటే ఆగస్టు 5. ఇక్కడ చదివేవాళ్లకి అది మే 8. ఈ ఒక్క తేడాతో 12 నెలలకి పడిన టీకా ఏడాదిలోపు పడినట్టు కనబడి చెల్లకుండా పోతుంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద ప్రతి టీకా ఎదురుగా నెలని అక్షరాల్లో రాసుకుని వెళ్లండి. రెండోది పేరు. కార్డు మీద "బేబీ ఆఫ్ ఫలానా" అని తల్లి పేరుతో ఉండి, పాస్‌పోర్టులో పాప పేరు ఉంటుంది. జనన ధ్రువపత్రం జత చేస్తే గొడవ ఉండదు. మూడోది చేతిరాత: ఏఎన్ఎం పొట్టి అక్షరాల్లో రాసినది ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. యూ-విన్‌లో (భారత ప్రభుత్వ ఆన్‌లైన్ టీకాల రికార్డు) నమోదై ఉంటే అక్కడి సర్టిఫికెట్ దించుకోండి, అది అచ్చులో ఉంటుంది.

ఇవన్నీ చూసి పీడియాట్రీషన్ యూనివర్సల్ చైల్డ్ హెల్త్ రికార్డ్ అనే ఫారం నింపి, టీకాల పట్టిక జతచేసి ఇస్తారు. మాకు కావలసింది అదే. రాష్ట్ర టీకాల రిజిస్ట్రీలో పాత డోసులు కూడా ఎక్కించమని క్లినిక్‌లో అడిగి మరీ ఎక్కించుకోండి. ఈ రోజు వేసినవి మాత్రమే ఎక్కించి పాతవి వదిలేయడం మామూలే, రెండేళ్ల తర్వాత స్కూల్లో ఇదే తంతు మళ్లీ వస్తుంది.

ఎడిసన్‌కి కొత్త

చాలా చాలా థాంక్స్ అండీ. లేఖ ఆలోచన మానేశాం. ఒక్క సందేహం మిగిలింది. మా అత్తగారు కచ్చితమైన శాకాహారి. ఎంఎంఆర్‌లో జెలటిన్ ఉంటుందని ఎవరో చెప్పారట, అదీ పంది నుంచి తీసిందని. ఆవిడ బాధ నిజమైనదే, కొట్టిపారేయలేను. ఇది నిజమేనా? వేరే దారి ఉందా?

జవాబు: ఫార్మసిస్ట్, ప్లేన్స్‌బరో

నిజమే. ఇక్కడ ఎక్కువగా వాడే ఎంఎంఆర్ టీకా ఎం-ఎం-ఆర్ 2లో జెలటిన్ ఉంటుంది, పంది నుంచి తీసినదే. వేడికి, ఎండబెట్టేటప్పుడు వైరస్ చచ్చిపోకుండా కాపాడటానికి కలుపుతారు. అయితే 2022 జూన్ నుంచి అమెరికాలో ప్రయోరిక్స్ అనే ఇంకో ఎంఎంఆర్ ఉంది. అందులో జెలటిన్ లేదు. క్లినిక్‌లన్నీ దాన్ని పెట్టుకోవు కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ప్రయోరిక్స్ ఉందా అని అడగండి, లేకపోతే తెప్పించగలరా అని అడగండి. డేకేర్‌కి ఏ కంపెనీదైనా ఒకటే.

ఆటలమ్మ టీకాకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ దొరికే వారివాక్స్‌లో జెలటిన్ ఉంది. ఎంఎంఆర్, ఆటలమ్మ కలిపి ఒకే సూదిగా వేసే ప్రోక్వాడ్‌లోనూ ఉంది. అందుకని జెలటిన్ తగ్గించుకోవాలంటే ప్రోక్వాడ్ వద్దని ముందే చెప్పండి. ఫ్లూలో ముక్కులో కొట్టే ఫ్లూమిస్ట్‌లో జెలటిన్ ఉంటుంది, దాన్ని రెండేళ్లలోపు పిల్లలకి ఎలాగూ వేయరు. గుడ్డు ఇబ్బంది అనుకుంటే గుడ్డు వాడకుండా కణాల్లో తయారుచేసే ఫ్లూసెల్వాక్స్ 6 నెలల పిల్లల నుంచీ వేయొచ్చు.

జెలటిన్ ఒక్కటి తీసేస్తే అన్నీ శాకాహారం అవుతాయని మాత్రం అత్తగారికి చెప్పకండి, అది అబద్ధం. తట్టు, గవదబిళ్లల వైరస్‌ని కోడి పిండం కణాల్లో పెంచుతారు. వైరస్ టీకాలు కొన్నిటి తయారీలో పశువుల సీరం వాడతారు. ఇండియాలో పాపకి వేసిన ఎంఆర్ కూడా జీవకణాల్లో పెంచిన టీకానే. ఉన్నది ఉన్నట్టు చెప్పి, మందుగా తీసుకునేది ఆహారం కిందకి వస్తుందా అన్నది ఇంటి పెద్దలతోనో, ఆవిడ గౌరవించే గురువులతోనో మాట్లాడుకోనివ్వండి. ఈ సంశయంతోనే ఎవరైనా ఒక టీకాకి మాత్రం మినహాయింపు కోరితే దాన్ని నేను తప్పుపట్టను. నిజాయితీగా ఆలోచించి రాసే లేఖ వేరు, కాగితాలకి బద్ధకించి రాసేది వేరు.

జవాబు: టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి

ఇక్కడివాళ్లు ఉద్యోగం మారితే రాష్ట్రం మారతారు కాబట్టి ఒక విషయం చేర్చాలి. మినహాయింపు మీతోపాటు రాష్ట్రం దాటదు. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ తట్టు వ్యాప్తి తర్వాత 2015లో తెచ్చిన చట్టంతో మతం, వ్యక్తిగత నమ్మకం రెండిటి పేరా మినహాయింపులు పోయాయి. 2016 జులై నుంచి డేకేర్‌లకీ అదే. న్యూయార్క్ 2019 జూన్‌లో తీసేసింది, బ్రూక్లిన్, రాక్‌లాండ్ కౌంటీల్లో తట్టు ప్రబలిన ఏడాది అది. మెయిన్, కనెక్టికట్ రాష్ట్రాలు కూడా తీసేశాయి. న్యూజెర్సీలోనూ తీసేయడానికి బిల్లు పెట్టారు, 2020 జనవరిలో సెనేట్‌లో ఓట్లు చాలక ఆగింది. మిసిసిపీ ఎదురు దిక్కు: 2023లో ఫెడరల్ కోర్టు ఆదేశంతో అక్కడ కొత్తగా మతపరమైన మినహాయింపు వచ్చింది. అంటే ఎడిసన్‌లో లేఖతో నెట్టుకొచ్చిన పిల్లని హడ్సన్ నది దాటి న్యూయార్క్‌లోని క్వీన్స్ డేకేర్‌లో చేర్చాలంటే అన్నీ అప్పుడు వేయించాల్సిందే.

టెక్సాస్‌లో పద్ధతి వేరు. ఇక్కడ మతం ఒక్కటే కాదు, మనస్సాక్షి అనే కారణం కూడా చెల్లుతుంది. దానికి రాష్ట్ర ఆరోగ్య శాఖ అఫిడవిట్ ఫారమే వాడాలి, సొంత లేఖ పనికిరాదు. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఆ ఫారం వెబ్‌సైట్ నుంచి దించుకోవచ్చు, అంతకుముందు అడిగి పోస్టులో తెప్పించుకోవాల్సి వచ్చేది. ఏ టీకాలకి మినహాయింపో గుర్తు పెట్టి, నోటరీ ముందు సంతకం చేసి, 90 రోజుల్లోపు డేకేర్‌కి ఇవ్వాలి. రెండేళ్లే చెల్లుతుంది. ఆరోగ్య శాఖ కమిషనర్ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే ఈ పిల్లల్ని బయట ఉంచే అధికారం ఉందని ఆ ఫారం మీదే ఉంటుంది. 2025లో గెయిన్స్ కౌంటీలో మొదలైన తట్టు వ్యాప్తి టెక్సాస్‌లో 762 కేసులయ్యాక గానీ ముగియలేదు. టీకా పడని బడి వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు. ఫారం నింపడం ఎంత సులువైనా ఆ సంగతి మరవకూడదు.

గ్రీన్ కార్డు దారిలో ఉన్నవాళ్లకి ఇంకొకటి. డేకేర్‌కి ఇచ్చిన లేఖ ఐ-693 మెడికల్‌కి (గ్రీన్ కార్డు కోసం చేసే వైద్య పరీక్ష ఫారం) పనికిరాదు. అక్కడ మతం మీద మినహాయింపు కావాలంటే ఐ-601 అనే మినహాయింపు దరఖాస్తు వేయాలి. ఏదో ఒక టీకా కాదు, అసలు ఏ రూపంలోనూ టీకాలు వద్దనేదే మా విశ్వాసం అని, అది మతం లేదా నైతిక నిష్ఠ వల్లనేనని, నిజాయితీ గలదని చూపించాలి. చిన్నప్పుడు ఇండియాలో వరసగా టీకాలన్నీ వేయించిన కార్డు చేతిలో పెట్టుకుని ఆ మాట నిలబెట్టడం చాలా కష్టం.

జవాబు: పిల్లల క్లినిక్ నర్సు

ఫ్లూ గురించి పూర్తిగా చెప్పలేదు, అది తేదీతో ముడిపడింది. న్యూజెర్సీలో 6 నెలల నుంచి 59 నెలల పిల్లలు డేకేర్‌కి రావాలంటే ఏటా సెప్టెంబర్ 1కీ డిసెంబర్ 31కీ మధ్య ఒక ఫ్లూ డోసు పడాలి. పడకపోతే జనవరి నుంచి మార్చి 31 దాకా, వేయించేవరకూ రానివ్వరు. మీ పాపకి ఇది మొదటి ఫ్లూ సీజన్ కాబట్టి డాక్టర్ నాలుగు వారాల తేడాతో రెండు డోసులు చెబుతారు. డేకేర్ అడిగేది ఒక్కటే, రెండోది పాప కోసం. రెండో పోలియో డోసు రోజునే అది కూడా వేయించేస్తే ఒక విజిట్ కలిసొస్తుంది.

సంక్రాంతికి ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే ఎంఎంఆర్ ఆలస్యం చేయకండి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే పడాలి. ఇది చదివేవాళ్లలో 6 నుంచి 11 నెలల బిడ్డతో వెళ్లేవాళ్లుంటే వాళ్లకీ ముందుగా ఒక ఎంఎంఆర్ వేస్తారు. అది ప్రయాణంలో రక్షణకే. ఏడాది నిండాక వేసే రెండు డోసుల్లో కలవదు, డేకేర్ ఫారంలోనూ లెక్కించరు.